రాకెట్టుకు కొబ్బరికాయ, కూలికి వేలిముద్ర: ఇదేం శాస్త్రం?

ఇంజనీరింగు చదివిన కుర్రోళ్లు మన మీటింగులకు వస్తున్నారు. సంతోషం. అయితే మీటింగు అయిపోయి, టీలు చేతికొచ్చాక అసలు వాదన మొదలవుతోంది. సైన్సు గొప్పదా, దేవుడు గొప్పోడా? దసరా నాడు కంప్యూటరుకు బొట్టు పెట్టొచ్చా? సాఫ్ట్‌వేరు కంపెనీలో కులం ఉంటదా, ఉండదా? ఒకడు "అదంతా మూఢనమ్మకం" అంటాడు. ఇంకొకడు "రాకెట్టు పంపినోళ్లే కొండెక్కి మొక్కుతుంటే నువ్వెంత?" అంటాడు. గొంతులు లేస్తాయి. అట్లాంటి ఒక వాదన మధ్యలో, మూలన కూచున్న పెద్దమ్మ ఒకామె లేచి అడిగింది: "మీ సైన్సు సంగతి, మీ దేవుడి సంగతి తర్వాత తేల్చుకుందురు గానీ అయ్యా. నా ఏలు మిషన్లో పడట్లేదు. బియ్యం లేవు పొమ్మన్నాడు డీలరు. దానికేం జెబుతారు?"

అందరూ గమ్మునైపోయారు. నిజానికి కుర్రోళ్లు కొట్లాడుకునేదీ, ఆ పెద్దమ్మ అడిగిందీ ఒకటే ప్రశ్న. ఈ పక్షం ఆ సంగతే మాట్లాడుకుందాం.

రాకెట్టు దగ్గర మొదలుపెడదాం. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. దానికి ముందు రోజు ఇస్రో శాస్త్రవేత్తలు దాని చిన్న బొమ్మ పట్టుకుని తిరుమల వెళ్లారు. ఇస్రో అధ్యక్షుడు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి పోయి మొక్కారు. ఆగస్టు 23 సాయంత్రం ల్యాండరు చంద్రుడి దక్షిణ ధ్రువం వైపున క్షేమంగా దిగింది. మూడు రోజులకు ప్రధానమంత్రి, అది దిగిన చోటికి 'శివశక్తి' అని పేరు పెట్టారు. "చూశారా, మొక్కు ఊరికే పోలేదు" అన్నారు భక్తులు.

సరే. 2019లో చంద్రయాన్-2 పంపినప్పుడు కూడా అప్పటి అధ్యక్షుడు తిరుమల వెళ్లి మొక్కారు గదా? ఆ సెప్టెంబరు 7 తెల్లారుజామున ల్యాండరు చంద్రుడి నేలకు గుద్దుకుని పోయింది. అదే కొండ. అదే దేవుడు. అదే హారతి. మరి నాలుగేళ్లలో మారిందేంటి? ల్యాండరు కాళ్లు గట్టిపరిచారు. ఐదు ఇంజన్లలో నడిమిదాన్ని తీసేశారు. ఇంధనం పెంచారు. వేగం కొలవటానికి కొత్తగా లేజరు పరికరం పెట్టారు. మొదటిసారి అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు చోటు చూసుకుని దిగబోయినోళ్లు, రెండోసారి 4 కిలోమీటర్ల పొడవు, దాదాపు రెండున్నర కిలోమీటర్ల వెడల్పు చోటు ఎంచుకున్నారు. సాఫ్ట్‌వేరును మార్చి రాశారు. ఏది ఎక్కడ చెడిపోవచ్చో ముందే లెక్కేసి, చెడిపోయినా దిగేటట్టు తయారుచేశారు. అంటే, "మేం ఎక్కడ తప్పు చేశాం?" అని తమను తామే అడిగారు. ఆ అడగటమే చంద్రుడి మీద దింపింది. దాన్నే సైన్సు అంటారు.

ఇక్కడ మన తెలుగులో ఒక తమాషా ఉంది. భౌతిక శాస్త్రమూ శాస్త్రమే, మనుధర్మ శాస్త్రమూ శాస్త్రమే! ఒకే మాటను రెంటికీ వాడతాం. కానీ రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. మొదటిది అడగమంటది, లెక్క చూపించమంటది, తప్పని తేలితే దిద్దుకుంటది. రెండోది అడిగినోణ్ణి శిక్షించమంటది. అడగటం దాకా ఎందుకు, వేదం విన్నందుకే శూద్రుడి చెవుల్లో సీసం కరిగించి పొయ్యమంది గౌతమ ధర్మసూత్రం. కాబట్టి ఎవరన్నా "శాస్త్రం చెప్పింది" అంటే మనం వెంటనే అడగాల్సిన ప్రశ్న: ఏ శాస్త్రం? అడగనిచ్చేదా, అడగనియ్యందా?

శ్రీహరికోట గురించి ఇంకో మాట. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవిలో తరతరాలుగా బతికినోళ్లు యానాదులు. ఏ దుంప తినొచ్చు, ఏ ఆకు విషానికి విరుగుడు, ఏ కాలంలో ఏ చేప వస్తది అన్నది వాళ్లకు తెలుసు. చూసి, పరీక్షించి, పిల్లలకు నేర్పిన తెలివి అది. దాన్నెవరూ శాస్త్రం అనలేదు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నాక వాళ్లను ఉన్నచోటి నుంచి కదిలించారు. 1971 అక్టోబరులో అక్కడ మొదటి రాకెట్టు లేచింది. దేశానికి ఆకాశం దొరికింది. చంద్రుడి మీద చోటుకు పేరు పెట్టేటప్పుడు దేవుళ్లు గుర్తొచ్చారు గానీ, కింద నేల పోగొట్టుకున్నోళ్లు ఎవరికీ గుర్తు రాలేదు.

మేం ఎవరి భక్తినీ ఎగతాళి చెయ్యటం లేదు. మన అమ్మలు పోలేరమ్మకు నైవేద్యం పెడతారు, ఎల్లమ్మకు బోనం ఎత్తుతారు. మనలో ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లున్నారు, దర్గాకు పోయేవాళ్లున్నారు. కష్టంలో ఉన్న మనిషి పట్టుకున్న కొమ్మను నరకటం మన పని కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా మతమే వద్దనలేదు. హిందువుగా చావనని 1935లో యేవలాలో చెప్పి, 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. మధ్యలో 21 ఏళ్లు మతాలకు పరీక్ష పెట్టారు. ఇది బుద్ధికి నిలుస్తదా? మనిషిని మనిషిగా చూస్తదా? మనమూ అదే పరీక్ష పెడదాం. మతానికే గాదు, సైన్సు పేరు చెప్పుకుని మన గుమ్మంలోకి వచ్చేదానికి కూడా.

"సైన్సు వస్తే కులం పోతది" అని మన చదువుకున్న కుర్రోళ్లు కొందరు నమ్ముతారు. వాళ్లు మేఘనాథ్ సాహా కథ తెలుసుకోవాలి. 1893లో ఢాకా దగ్గరి పల్లెలో చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. కింది కులం. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు, ఈడెన్ హిందూ హాస్టల్లో పెద్దకులాల పిల్లలు ఆయన పక్కన కూచుని తినటానికి ఒప్పుకోలేదు. అదే మనిషి 1920లో, నక్షత్రాల వెలుగును చూసి వాటి వేడి ఎంతో లెక్కగట్టే సూత్రం కనిపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ నక్షత్రాల చదువు చెప్పినా సాహా సమీకరణం లేకుండా చెప్పలేరు. అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయని వాదించినోళ్లను ఆయన వ్యాసాలు రాసి దులిపేశాడు. 1952లో లోక్‌సభకు కూడా గెలిచాడు.

ఆలోచించండి. ఆయన పక్కన కూచోనన్న ఆ పిల్లలు చదువురానోళ్లా? దేశంలోకెల్లా పెద్ద కాలేజీలో చదివేవాళ్లు. పుస్తకంలో ఉన్న సైన్సు పరీక్ష పేపరు దాకా పోయింది, అన్నం పళ్లెం దాకా రాలేదు. పెద్దకులాల ఇళ్లల్లో సైన్సుకూ మతానికీ కొట్లాట ఉన్నట్టు కనపడతది గానీ, చాలా ఇళ్లల్లో రెండూ చక్కగా కాపరం చేస్తున్నాయి. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో పనిమనిషికి వేరే గ్లాసు!

ఇప్పుడు సాఫ్ట్‌వేరు కంపెనీల సంగతి. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పటి నుంచి మన చెవిలో ఒకటే పాట: కంప్యూటరుకు కులం తెలియదు, తెలివుంటే చాలు. మన పిల్లలు నమ్మారు. అమ్మానాన్నలు కూలికి పోతే, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఇంజనీరింగు చదివారు. అమీర్‌పేటలో ఇరుకు గదుల్లో ఉండి కోర్సులు నేర్చారు. కొందరు గేటు దాటారు. వాళ్లను చూసి మేం గర్వపడుతున్నాం. కానీ ప్రైవేటు కంపెనీలో రిజర్వేషను లేదు. ఉన్న రిజర్వేషనల్లా ఒకటే, తెలిసినోడు తెలిసినోణ్ణి పిలవటం. మన వాడలో పిల్లోడికి లోపల తెలిసినోడు ఎవడున్నాడు? లోపలికి పోయినా ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతారు. కంప్యూటరుకు కులం తెలియదన్న మాట నిజమే. దాని ముందు కూచున్నోడికి తెలుసు గదా!

ఇది మన ఊహ కాదు. అమెరికాలో సిస్కో అని పెద్ద కంపెనీ ఉంది. అందులో పనిచేసే ఒక దళిత ఇంజనీరు ఫిర్యాదు మీద, 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ శాఖే కంపెనీ మీదా, ఇద్దరు పై అధికారుల మీదా కేసు పెట్టింది. ఐఐటీలో ఆయనకు సీటు రిజర్వేషను మీద వచ్చిందని అధికారి తోటి ఉద్యోగులకు చెప్పాడని, ఫిర్యాదు చేసినందుకు పనిలో తొక్కేశారని ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. 2023లో ఆ ఇద్దరు అధికారుల మీద కేసును ప్రభుత్వం వెనక్కు తీసుకుంది, కంపెనీ మీద కేసు కొనసాగించింది. తప్పెవరిదన్నది కోర్టులు తేల్చాల్సిన సంగతి. కానీ ఒకటి తేలిపోయింది. సముద్రం దాటితే కులం పోతదని పాత శాస్త్రం చెప్పింది. అదీ అబద్ధమే! పాస్‌పోర్టుతో పాటు కులమూ విమానం ఎక్కింది.

2022 ఏప్రిల్లో గూగుల్ కంపెనీలో కులం గురించి మాట్లాడటానికి దళిత నాయకురాలు తేన్‌మొళి సౌందరరాజన్‌ను పిలిచారు. కొందరు ఉద్యోగులు గొడవ చేస్తే ఆ ఉపన్యాసం రద్దు చేశారు. ఆమెను పిలిచిన అధికారిణి ఉద్యోగం వదులుకుని బయటికొచ్చింది. లోకంలోని ఏ ప్రశ్నకైనా జవాబు వెదికి పెట్టే కంపెనీకి ఈ ఒక్క ప్రశ్న వినటానికి ధైర్యం చాల్లేదు. అట్లాగని అందరూ ఒక్కటే కాదు. ఆపిల్ కంపెనీ 2020లో కుల వివక్ష నేరమని తన నియమాల్లో రాసుకుంది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభ కూడా బిల్లు పాస్ చేసింది గానీ, అదే ఏడాది అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టలేదు, ఉన్న చట్టాలు చాలన్నాడు. అడిగిన చోట కొంత కదిలింది. అడగని చోట ఏమీ కదల్లేదు.

ఇప్పుడు పెద్దమ్మ దగ్గరికొద్దాం. సాఫ్ట్‌వేరు ఇప్పుడు సిటీలో అద్దాల మేడలో మాత్రమే లేదు. రేషను షాపులో ఉంది, పింఛను ఇచ్చే చోట ఉంది, మట్టి పని దగ్గర ఉంది. నాట్లేసి, ఇటుకలు మోసి, సిమెంటు కలిపి, అంట్లు తోమి వేళ్ల గీతలు అరిగిపోయినాయి. ముసలితనంలో ఎట్లాగూ అరుగుతాయి. మిషను ఆ వేలిని గుర్తుపట్టదు. పని ఎక్కువ చేసినోడి వేలే తక్కువ పడతది! కుర్చీలో కూచున్నోడి వేలు టక్కున పడతది. ఈ మిషను తయారుచేసినోడు ఎవడి వేలును దృష్టిలో పెట్టుకుని చేశాడో దీన్నిబట్టే తెలుస్తోంది.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో యాప్ హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ పూట హాజరు లేనట్టే. తవ్విన గుంత కళ్లెదురుగా ఉన్నా, తవ్వినోడు గట్టు మీద నిలబడి ఉన్నా, పని జరగలేదని ఫోను చెప్తది. ఏడాది తర్వాత, 2024 జనవరి 1 నుంచి, కూలి డబ్బులకు ఆధార్ ముడి కూడా బిగించారు.

తెలంగాణలో 'సమగ్ర వేదిక' అని ఒక సాఫ్ట్‌వేరు పెట్టారు. బండ్లు, భూములు, కరెంటు మీటర్లు లాంటి రకరకాల ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న పేర్లు, చిరునామాలు పోల్చి, ఎవడు పేదోడో ఎవడు కాదో అది చెప్తది. 2014, 2019 మధ్య అక్కడ 18 లక్షలకు పైగా రేషను కార్డులు నోటీసు కూడా లేకుండా రద్దయ్యాయి. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరూ, కారున్న ఇంకొకాయన పేరూ దగ్గర దగ్గరగా ఉంటే, ఇద్దరూ ఒకటేనని కంప్యూటరు అనుకుంది. రిక్షా ఇంటికి బియ్యం ఆగిపోయాయి. సంగతి సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఏప్రిల్లో కోర్టు ఇళ్లకు వెళ్లి చూడమని ఆదేశించింది. చూస్తే, అర్హులైనోళ్ల కార్డులు వేలల్లో పోయినట్టు బయటపడింది. మనిషి కళ్లతో చూస్తే తేలిన సంగతి, అన్ని రికార్డులు మింగిన మిషనుకు తేలలేదు.

ఆఫీసుకు పోయి అడిగితే ఏమంటారు? "సిస్టం తీసుకోవట్లేదమ్మా." ఎందుకు తీసుకోవట్లేదు? "మాకు తెలీదు, పైనుంచి వచ్చింది." ఈ మాట మనం ఎక్కడో విన్నాం గదా! "ఎందుకు బావిలో నీళ్లు తోడుకోకూడదు?" "శాస్త్రం ఒప్పుకోదు." "ఎందుకు గుళ్లోకి రాకూడదు?" "మేం రాసింది కాదు, పైనుంచి వచ్చింది." అదే జవాబు, భాష మారింది అంతే. అప్పుడు తాళపత్రాలు మనం చదవటానికి లేదు. ఇప్పుడు ఆ కంపెనీ రాసిన ప్రోగ్రాము మనం చూడటానికి లేదు. అప్పుడు పురోహితుడు మధ్యలో నిలబడ్డాడు. ఇప్పుడు ఆపరేటరు నిలబడ్డాడు, పాపం అతనికీ ఏమీ తెలీదు. కాబట్టి మేం చెప్పేది ఒకటే. ప్రశ్న అడగనియ్యని కంప్యూటరు సైన్సు కాదు. అది కరెంటుతో నడిచే మనుధర్మ శాస్త్రం.

రాజ్యాంగంలో 51ఎ(హెచ్) కింద, శాస్త్రీయ దృక్పథాన్నీ, ప్రశ్నించి విచారించే గుణాన్నీ పెంచుకోవటం ప్రతి పౌరుడి బాధ్యత అని 1976లో చేర్చారు. మరి ఆ బాధ్యత కూలోడు నెరవేర్చి, "నా పేరు ఎందుకు తీసేశారు, లెక్క చూపించండి" అంటే కసురుకుంటారెందుకు? చంద్రయాన్ కూలిపోతే తప్పు ఎక్కడుందో నాలుగేళ్లు వెదికిన దేశం, పెద్దమ్మ వేలు పడకపోతే తప్పు పెద్దమ్మదే అంటదా?

అయితే మిషన్లు పగలగొడదామా? కాదు. ఇక్కడ కూడా బాబాసాహెబే దారి. గాంధీ 1909లో 'హింద్ స్వరాజ్'లో యంత్రాలను తిట్టాడు. అంబేడ్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారో రాసిన పుస్తకంలో దానికి గట్టి జవాబు చెప్పారు. యంత్రం లేకపోతే పేదోడికి తీరిక ఎక్కడిది, తీరిక లేకపోతే చదువూ ఆలోచనా ఎక్కడివి, మనిషి పశువులాగా చాకిరీలోనే చావాలా అని అడిగారు. చెడు యంత్రంలో లేదు, యంత్రం కొందరి సొత్తు అయిపోయిన సమాజంలో ఉంది అన్నది ఆయన వాదన. పాతకాలపు పల్లె బాగుందని పాటలు పాడేది ఊళ్లో ఉన్నోళ్లు. వాడలో ఉన్నోళ్లం మనం, ఆ పల్లె మనకెంత బాగుందో మనకు తెలుసు.

మిషను రావాల్సిన చోటుకు రాకపోతే ఏమైతదో చూడండి. 2017లో హైదరాబాదులో, దళిత పారిశ్రామికుల చాంబరుతో కలిసి, ఇరుకు గల్లీల్లో డ్రైనేజీ శుభ్రం చేసే 70 చిన్న జెట్టింగు మిషన్లు తెచ్చారు. మంచి పని. అట్లాంటివి ప్రతి మున్సిపాలిటీకీ కావాలి. అయినా 2021 ఆగస్టులో అదే హైదరాబాదులో, సాహెబ్‌నగర్‌లో, రాత్రిపూట మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మనిషిని దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఇట్లా చనిపోయినోళ్ల కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలంది. నాలుగు లక్షల కిలోమీటర్లకు ఇవతల కూచుని చంద్రుడి మీద మిషన్ను నడిపించగల దేశానికి ఇరవై అడుగుల గుంతలోకి మిషన్ను దించటం రాదా? వచ్చు. అందులోకి దిగేది ఎవరో తెలుసు గనక తొందర లేదు.

మరి మనం చెయ్యాల్సిందేంటి?

వేలు పడలేదని బియ్యం ఆపితే ఊరుకోవద్దు. వేలిముద్ర పడకపోయినా, ఆధార్ లేకపోయినా బియ్యం ఆపొద్దని, అట్లాంటివాళ్లకు వేరే రిజిస్టరులో రాసి ఇవ్వాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆ రిజిస్టరు ఏదని డీలరును అడగండి. లేదంటే తహసీల్దారును అడగండి. ఒక్కరు పోవద్దు, పదిమంది పోండి.

కార్డు తీసేసినా, పింఛను ఆపేసినా, కారణం కాగితం మీద అడగండి. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4(1)(డి) ఉంది. నిర్ణయం వల్ల దెబ్బతిన్నోళ్లకు కారణాలు చెప్పాలని అది అంటోంది. "సిస్టం" అన్నది కారణం కాదు. సిస్టం ఏ రికార్డు చూసి ఆ మాట చెప్పిందో రాసియ్యమనండి.

మన సంఘాలు ప్రతి వాడలో ఒక పిల్లనో పిల్లోణ్ణో ఈ పనికి తయారుచెయ్యాలి. ఫోనులో పాటలు చూడటమే గాదు, కార్డు ఎందుకు ఆగిందో వెదకటం, అర్జీ రాయటం, కోడ్ రాయటం రావాలి. సాఫ్ట్‌వేరులో ఉద్యోగం చేస్తున్న మన అన్నలు, చెల్లెళ్లు నెలకు ఒక ఆదివారం వాడకు ఇవ్వాలి. పేరు దాచుకుని బతుకుతున్నోళ్ల బాధ మాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టం. కానీ దాచుకోవాల్సిన అవసరం లేని రోజు కోసం కలిసి కొట్లాడదాం. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషను కావాలి. ప్రభుత్వ భూమీ, ప్రభుత్వ రాయితీలూ తీసుకున్న ఏ కంపెనీ అయినా కుల వివక్ష నేరమని తన నియమాల్లో రాసుకోవాలి. అమెరికాలో రాసుకోగలిగినప్పుడు మాదాపూరులో ఎందుకు రాసుకోలేరు?

చివరగా ఒక్క మాట. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల అనే పరిశోధక విద్యార్థి, కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలని కలగన్నాడు. నక్షత్రాలను ప్రేమించాడు. మరో నలుగురితో పాటు అతన్ని హాస్టలు నుంచి వెలేశారు. వాళ్లు బయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. మేఘనాథ్ సాహాను పళ్లెం దగ్గర వెలేసిన దేశం నూరేళ్ల తర్వాత కూడా అదే పని చేసింది. నక్షత్రాలు మనకు దూరం కాదు. దూరం పెట్టేది మనుషులు.

కుర్రోళ్లారా, వాదించుకోండి. వాదన మంచిదే, బుద్ధుడూ వాదించాడు. కానీ టీ కొట్టు దగ్గర గెలిచి ఇంటికి పోవద్దు. సైన్సు మీ వైపు ఉందంటే, రేపు పొద్దున ఆ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని రేషను షాపుకు పోండి. అక్కడ నిలబడి గట్టిగా అడగండి: ఇది ఏ శాస్త్రం?

జై భీమ్!